దొరలకు ఓనమాలు దిద్దించినవారు

అన్యభాషను నేర్చుట యనగానే మన పల్లెలలో ఇంగ్లీషు నేర్చుటయే జ్ఞప్తికి వచ్చును. సీమనుండి దొరలు వచ్చిరి, బడులు పెట్టిరి, మన తాతలకు ఏబీసీడీలు నేర్పిరి, అందుచే మనవారు గుమాస్తాలై ప్లీడర్లై వృద్ధికి వచ్చిరి అని చెప్పుకొనుట పరిపాటి. ఇది అసత్యము కాదు. కాని ఈ కథకు ముందు వేరొక కథ గలదు. మనకు ఇంగ్లీషు నేర్పుటకు ముందు ఆ దొరలే మనవారి యెదుట కూర్చుండి అ ఆ ఇ ఈలు దిద్దవలసి వచ్చెను. వారికి గురువులైనవారు తెలుగు పండితులు, మునిషీలు, గుమాస్తాలు. శిష్యుల పేరులు నిఘంటువుల అట్టలమీద నిలిచినవి. గురువుల పేరులు పీఠికలలో ఒక మూలను ఒదిగియున్నవి. మన గ్రంథాలయము ఇరువదియైదేండ్లు నిండించుకొని రజతోత్సవము జరుపుకొనుచున్న ఈ శుభసమయమున ఆ గురువులను స్మరించుట యుక్తమని తోచినది. అంతియే కాదు. వారు దొరలకు తెలుగు నేర్పిన రీతిలో నేటి మన పిల్లలకు పనికివచ్చు పాఠమొకటి గలదు. దానిని చదువరులయెదుట నుంచుటయే ఈ వ్యాసమునకు ముఖ్యోద్దేశము.

దొనకొండవారికి ఈ విషయము దూరపు ముచ్చట కాదు. అమెరికన్ బాప్టిస్టు తెలుగు మిషనువారు 1903వ సంవత్సరమున ఇచ్చట తమ కేంద్రమును నెలకొల్పిరి. అంతకుముందే 1882లో కంభమునందును, 1895లో మార్కాపురమునందును వారి కేంద్రములు వెలసినవి. ఆ మిషనుకు చెందిన క్లౌ దొర 1865లో నెల్లూరు చేరి, అచ్చట తెలుగు అభ్యసించి, 1866లో ఒంగోలులో స్థిరపడెను. 1876–78 సంవత్సరములనాటి ఘోరక్షామమున ఆయన బకింగుహాము కాలువ త్రవ్వకములో కొంత భాగమును కంట్రాక్టుగా తీసికొని, ఆకలిగొన్న జనమునకు పని కల్పించెను. ఆ వేళ ఆయనకు అక్కరకు వచ్చినది సంధిసమాసముల జ్ఞానము కాదు. పార పట్టిన కూలివానితో మాటాడగల తెలుగు.

ఇక మన రైలును చూడుడు. మీటరుగేజి మార్గమును లోకోషెడ్డును ఉన్న కాలమున ఈ ఊరికి ఎన్ని క్రొత్త మాటలు వచ్చిపడినవి! గార్డు, సిగ్నలు, షంటింగు, పాయింట్సుమాను, గ్యాంగుమాను అను మాటలను ఏ పంతులును నల్లబల్లపై వ్రాసి నేర్పలేదు. వ్రాలు చేయుట ఎరుగని పనివాడు సైతము వానిని తడుముకొనక పలికెను. పనివెంట మాట వచ్చినది. ఈ చిన్న సంగతిని మనస్సునందుంచుకొని ముందుకు సాగుదము.

సముద్రము దాటి వచ్చినవారిలో తెలుగును శ్రద్ధతో అభ్యసించిన తొలివారిలో బెంజమిన్ షుల్జ్ అను జర్మను మతబోధకుడు ముఖ్యుడు. ఆయన చెన్నపట్టణమున నుండి 1728 నాటికే తెలుగునకు లాటిను భాషలో ఒక వ్యాకరణము వ్రాసెను. అది వ్రాతప్రతిగనే యుండిపోయి, 1984లో గాని అచ్చునకు నోచుకొనలేదు. తరువాత వంగదేశమునందలి శ్రీరామపురమున విలియం కేరీ 1814లో తెలుగు వ్యాకరణమును అచ్చొత్తించెను. వీరు మతప్రచారార్థము భాష నేర్చినవారు. కుంఫిణీవారి అవసరము వేరు. వర్తకము చేసికొన్నన్నాళ్లు వారికి దుబాసీ చాలియుండెను. ఒక నోట విని మరియొక నోట చెప్పు దుబాసీ మధ్యనుండగా బేరమునకు లోటు లేదు. కాని 1800లో నిజామువలన దత్తమండలములు వారి వశమైనవి. మన దూపాడు, కంభము ప్రాంతములు ఆ మండలములలోనివే. అప్పుడు శిస్తు నిర్ణయించుట, తగవులు తీర్చుట, అర్జీలు వినుట వారి పనియయ్యెను. రైతు ఒకటి చెప్పగా దుబాసీ వేరొకటి చెప్పినయెడల దొరకు తెలియు దారి యేది? భాష రాని అధికారి చేతిలోని అధికారము దుబాసీ చేతికి పోవునని వారికి త్వరలోనే బోధపడెను.

అందుచే 1800లోనే కలకత్తాలో ఫోర్టు విలియం కళాశాల ఏర్పడెను. సీమలో 1806లో కుంఫిణీ ఉద్యోగార్థులకై ఒక కళాశాల ఏర్పడి, పిదప హెయిలీబరీకి మారెను. చెన్నపట్టణమున 1812లో ఫోర్టు సెంటు జార్జి కళాశాల వెలసెను. మనకు ముఖ్యమైనది ఈ కడపటిది. సీమనుండి దిగిన పదునెనిమిది, ఇరువది యేండ్ల కుఱ్ఱదొరలు దీనియందు చేరి దేశభాషలు చదివి, పరీక్షలో తేరిన పిమ్మట గాని జిల్లాలకు పోరాదు. ఇది కేవలము పాఠశాల కాదు. పండితులు, మునిషీలు, ఒక ముద్రణాలయము, గ్రంథసంచయము దీనికి గలవు. తెలుగు, తమిళము, కన్నడము మొదలగు భాషల పండితులు ఒక కప్పు క్రింద కూర్చుండి మాటాడుకొన్న తావు అది.

ఈ కళాశాలకు ప్రాణము పోసినవాడు చెన్నపట్టణపు కలెక్టరైన ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్. ఆయనకు తోడుగ తెలుగు సంస్కృతములకు ప్రధానపండితుడైన పట్టాభిరామశాస్త్రి యుండెను. ఆ కాలపు ఇంగ్లీషువారు తెలుగు సంస్కృతమునుండి పుట్టినదని తలచుచుండిరి. కేరీ మతమును అదియే. పట్టాభిరామశాస్త్రివంటి పండితులు ధాతువుల పట్టికలు కూర్చి, తత్సమ తద్భవ దేశ్య విభాగమును విశదీకరింపగా, తెలుగు మూలధాతువులు తమిళ కన్నడముల ధాతువులతో కలియుచున్నవనియు, ఈ భాషలది వేరొక కుటుంబమనియు ఎల్లిస్ నిరూపించెను. 1816లో కాంబెల్ దొర అచ్చొత్తించిన తెలుగు వ్యాకరణమునకు పీఠికగా ఆ నిరూపణము వెలువడెను. కాల్డ్వెల్ గ్రంథము వెలువడిన 1856వ సంవత్సరమునకు ఇది నలుబదియేండ్లు ముందు. పరదేశికి పాఠము చెప్పబూనుటవలన మన భాష వంశవృక్షము మనకు తెలిసినదన్నమాట! మనకు పుట్టుకతో వచ్చిన మాటను గూర్చి మనము ప్రశ్నింపము. క్రొత్తవాడు ‘ఇది ఇట్లేల?’ అని అడిగినప్పుడే సమాధానము వెదకుదుము. ఈ మర్మము ముందును మనకు కనబడును.

పైన చెప్పిన కాంబెల్ వ్యాకరణము వెనుకను మనవారే యున్నారు. ఉదయగిరి వెంకటనారాయణయ్య అను పండితుడు ఆయనకు తోడ్పడెను. ఆ యింటిపేరు మన పొరుగున నున్న ఉదయగిరిని తలపించును. 1821లో కాంబెల్ ప్రకటించిన నిఘంటువునకు మచిలీపట్టణపు వర్తకుడు మామిడి వెంకయ్య కూర్చిన ఆంధ్రదీపిక ఆధారమైనది. బేరసారములు చేసికొనుచు నిఘంటువు కూర్చిన ఆ వైశ్యుని పట్టుదలకు నమస్కరింపవలసినదే.

కళాశాల బాగుగనే సాగెను. కాని ఒక చిక్కు ఏర్పడెను. మన పండితులకు తెలిసిన విద్యాభ్యాసక్రమము ఒక్కటే. మొదట అమరము, పిదప బాలరామాయణము, తరువాత కావ్యములు, వ్యాకరణము. తాము నేర్చినట్లే శిష్యునకు నేర్పబూనిరి. ఆ నాటికి తెలుగున చదువదగిన గ్రంథములన్నియు ఇంచుమించు పద్యములే. కుఱ్ఱదొర పద్యములకు ప్రతిపదార్థము వ్రాసి, ఆపసోపములు పడి పరీక్షలో తేరి, జిల్లాకు పోయి కచేరీలో కూర్చుండును. అప్పుడొక రైతు వచ్చి, తన చేను గట్టు పొరుగువాడు దున్నుకొన్నాడని తన యాసలో మొరపెట్టుకొనును. దొరకు ఒక్క ముక్క అర్థము కాదు. కరణము గొలుసుకట్టు వ్రాతలో వ్రాసిన అర్జీ చేతికిచ్చిన అక్షరమే పోలదు. పద్యములో ‘ధరిత్రి’, ‘వసుంధర’ అని భూమికి పది పేర్లు చదివినవానికి మెట్ట, మాగాణి, బీడు, పోరంబోకు అనిన తెల్లమొగము.

ఈ చిక్కునకు విరుగుడుగా మెల్లమెల్లగా వచనగ్రంథములు పుట్టినవి. కళాశాల పండితుడైన రావిపాటి గురుమూర్తిశాస్త్రి విక్రమార్కుని కథలను వచనమున వ్రాయగా 1819లో అచ్చుపడినవి. ఆయన పంచతంత్రము 1834లో వెలువడినది. ఇవి దొరలు చదువుటకై పుట్టినవి. పిదప తెలుగు పిల్లలకును అక్కరకు వచ్చినవి. మన బడిపిల్లలు వచనమున కథ చదువగలుగుటకు దారితీసిన కారణములలో ఇంగ్లీషు కుఱ్ఱవాని కష్టమొకటి యని తలచిన వింతగా నుండును! జాన్ కార్నాక్ మారిస్ అను మరియొక దొర 1823లో తెలుగు పాఠముల సంచికను వెలువరించి, దాని చివర ఉత్తర సర్కారులలో వాడుకనున్న రెవిన్యూ మాటల పట్టికను చేర్చెను. భాషాశిక్షణము కావ్యశాలనుండి కచేరీ అరుగుమీదికి దిగుటకు ఇది గుర్తు.

ఈ మార్గమున అందరికంటె దూరము నడచినవాడు చార్లెస్ ఫిలిప్ బ్రౌను. 1798లో కలకత్తాలో పుట్టి, హెయిలీబరీలో చదివి, 1817లో చెన్నపట్టణము చేరెను. వెలగపూడి కోదండరామ పంతులు ఆయనకు తెలుగు అక్షరములు దిద్దించిన గురువు. 1820లో కడపకు ఉద్యోగియై వచ్చెను. ఆయన చేసిన గ్రంథసంస్కరణము, వేమన పద్యముల ముద్రణము, 1852 మొదలు వెలువడిన నిఘంటువులు లోకవిదితములు. నేను చెప్పదలచినది అంతగా ప్రసిద్ధములు కాని ఆయన పాఠ్యపుస్తకములను గూర్చి.

1852లో బ్రౌను తెలుగు రీడరు అను పుస్తకమును ప్రకటించెను. అందు కావ్యఖండములు లేవు. ఇంటి సంగతుల జాబులు, వ్యవహారపు జాబులు, పోలీసు కాగితములు, రెవిన్యూ కాగితములు గలవు. వానికి ఇంగ్లీషు అనువాదము, వ్యాకరణవిశేషములు, చిన్న పదకోశము జతపరచెను. ఆ యేటనే వెలువడిన వాక్యావళి అను పుస్తకమున ఇంగ్లీషు నుడికారమునకు తెలుగు నుడికారము చూపెను. మాటకు మాట పెట్టినచో అనువాదము చెడునని, వాక్యమునకు వాక్యము చూడవలెనని దాని భావము. తన కొలువునందలి తాతాచారి యను పండితుడు నోట చెప్పిన కథలను చెప్పినది చెప్పినట్లు వ్రాయించి 1855లో అచ్చువేయించెను. అనంతపురపు రాజుల యుద్ధముల కథను వాడుక తెలుగుననే 1853లో ప్రకటించెను. ఈ రీతిగా మాటాడు తెలుగు మొదటిసారి పాఠమైనది.

లెక్కల వృత్తిలోనుండు నావంటివానికి ఇంకొక పుస్తకముపై మక్కువ మెండు. అది 1854లో వెలువడిన మిశ్రభాషా నిఘంటువు. తెలుగున కలిసిపోయిన అన్యదేశ్యములకు అది కోశము. రైతు, జిల్లా, తాలూకా, వసూలు, బాకీ, హాజరు అరబ్బీనుండి వచ్చినవి. దస్తావేజు, రసీదు పారసీనుండి వచ్చినవి. జమాబందీ అను మాటలో సగము అరబ్బీ, సగము పారసీ. శుద్ధాంధ్రాభిమానులైన పండితులు ఈ మాటలను మైలగా చూచి పాఠమునకు దూరముగా నుంచిరి. కాని ఈ మాటలు లేనిదే ఒక్కనాడును కచేరీ నడవదు. భాషలో ఏది అందమైనది అను ప్రశ్నను ప్రక్కకు నెట్టి, ఏది వాడుకలో నున్నది అను ప్రశ్నను బ్రౌను ముందుకు తెచ్చెను. 1984లో కరణీకములు రద్దయినవి. అడంగలు కాగితమునుండి యంత్రమున కెక్కినది. ఐనను ఆ మాటలు మాత్రము మన నాలుకలపై చెక్కుచెదరక యున్నవి.

బ్రౌను తన పండితులకు జీతములిచ్చి, వ్రాయసకాండ్రను పోషించి, అందుకై అప్పులపాలైన సంగతి చరిత్రలో నున్నది. జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైతబ్రహ్మయ్య మొదలగు పండితులు ఆయనకు కుడిభుజములు. 1821లో కడపలో పేదపిల్లలకు ఉచితముగ బడులు పెట్టించెను. 1855లో సీమకు మరలి, లండనులో తెలుగు ఆచార్యుడై, 1884లో గతించెను. తెలుగువారు ఆయన ఋణమును మరువలేదు. జానుమద్ది హనుమచ్ఛాస్త్రిగారి కృషిచే కడపలో బ్రౌను నివసించిన తావున ఆయన పేర గ్రంథాలయము వెలసినది. కాని కోదండరామ పంతులు పేర ఒక అలమార యైనను ఎచ్చటనైన నున్నదా?

భాష రాని దొర గతి యెట్టిదో తెలిసికొనుటకు కర్నలు మెకంజీ దొర చాలును. మన గ్రామముల కైఫీయతులను ప్రోగుచేయించిన మహోపకారి ఆయన. కాని దేశభాషలలో ఆయనకు ప్రవేశము చాల తక్కువ. ఆయనకు కన్ను, చెవి, నోరు ఐనవారు ఏలూరివారగు కావలి సోదరులు. అన్నయైన వెంకట బొర్రయ్య 1803లోనే అకాలమరణము పొందెను. తమ్ముడు వెంకట రామస్వామి దక్కను కవుల చరిత్రను 1829లో ఇంగ్లీషున వ్రాసి ప్రకటించెను. వీరు ఇంగ్లీషును బెత్తమునకు భయపడి నేర్చినవారు కారు. పనిలో దిగి, పనికై నేర్చి, ఆ భాషలో గ్రంథము వ్రాయునంతటివారైరి.

ఇంతవరకు మనవారు నేర్పిన సంగతి. మన బడుల సంగతి ఆ కాలమున ఎట్లుండెను? పైన చెప్పిన వ్యాకరణకర్త కాంబెల్ తరువాత బళ్లారి కలెక్టరై, 1823లో ఆ జిల్లా బడులను గూర్చి ప్రభుత్వమునకు ఒక నివేదిక పంపెను. అప్పటికి ఆ జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు గలరని అందు లెక్క చూపెను. తెలుగు వీథిబడిలో తక్కువ ఖర్చుతో వ్రాత నేర్పు విధమును, ముందు నేర్చిన పిల్లవాడు వెనుకటివానికి నేర్పు ఏర్పాటును మెచ్చుకొనెను. ఇంగ్లండు ఈ పద్ధతిని అనుకరించుట తగియున్నదనెను. ఇది పొగడ్త మాత్రమే కాదు. చెన్నపట్టణపు అనాథబాలుర ఆశ్రమమున 1789నుండి పనిచేసిన ఆండ్రూ బెల్ అనునతడు ఇసుకలో అక్షరములు దిద్దు మన వీథిబడి పద్ధతిని చూచి, దానిని అనుసరించి, ‘మదరాసు పద్ధతి’ అను పేర ఇంగ్లండున వ్యాపింపజేసెను.

అదే నివేదికలో కాంబెల్ ఒక లోపమును చూపెను. పిల్లలు చదువు గ్రంథములన్నియు పద్యములు. ఆ భాష మాటాడు భాషకు భిన్నము. పిల్లలు వేలకొలది పద్యములను చిలుకలవలె ఒప్పజెప్పుదురే గాని అర్థమెరుగరు అని ఆయన అభిప్రాయము. ఇది మనకు కటువుగ తోచవచ్చును. కంఠస్థము చేసిన పద్యము ముదిమిలో తోడునీడయగునని ఎరిగినవారు ఆ మాటను పూర్తిగా ఒప్పుకొనరు. నేనును ఒప్పుకొనను. కాని అందలి సత్యమును కాదనుట ఎట్లు? నోటికి వచ్చుట వేరు, మాటకు వచ్చుట వేరు.

నూరేండ్ల లోపలనే ఈ ప్రశ్న మరల లేచినది. 1906 ప్రాంతమున ఉత్తర సర్కారులకు పాఠశాలల ఇన్స్పెక్టరుగా వచ్చిన యేట్సు దొర తెలుగు నేర్చుకొనుచు, తరగతిలో పిల్లలు చదువు తెలుగునకును, ఉపాధ్యాయుడు మాటాడు తెలుగునకును పొంతన లేకుండుట చూచి, కారణమేమని అడిగెను. విశాఖపట్టణపు కళాశాలాధ్యక్షులు పి.టి. శ్రీనివాస అయ్యంగారు, విజయనగరమున గురజాడ అప్పారావుగారు, పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు ఆ ప్రశ్నను చేపట్టిరి. అదియే వ్యావహారికభాషోద్యమమైనది. జయంతి రామయ్య పంతులు మొదలగువారు గ్రాంథికమునకు అండగ నిలిచిరి. తెలుగుదేశము రెండు శిబిరములైనది. క్రొత్తవాడు ‘ఇది ఇట్లేల?’ అని అడిగిన ఒక్క ప్రశ్నకు ఎంతటి శక్తి గలదో గమనింపుడు. ఈ వ్యాసము గ్రాంథికమున నున్నదని కొందరు నవ్వవచ్చును. పండుగనాడు పట్టుబట్ట కట్టుదుము. చేనికి పోవునప్పుడు కట్టము. రెండును మనవే. ఏది ఎప్పుడని తెలియుటయే వివేకము.

గిడుగువారిని తలచినప్పుడు వారి సవరభాషాధ్యయనమును చెప్పక తీరదు. పర్లాకిమిడి ప్రాంతపు కొండలలో నివసించు సవరల భాషకు అప్పటికి పుస్తకము లేదు, వ్యాకరణము లేదు. పంతులుగారు తెలుగు వచ్చిన ఒక సవరను ఇంట నుంచుకొని, అతని నోటనుండి మాటలు విని, వ్రాసికొని, తప్పు పలికిన దిద్దించుకొని ఆ భాష నేర్చిరి. సవరపిల్లలకై బడులు పెట్టి, వారి భాషలోనే పుస్తకములు వ్రాసిరి. 1931లో సవరవ్యాకరణము, 1938లో నిఘంటువు అచ్చుపడినవి. పండితుడు నిరక్షరుని శిష్యుడగుట మన దేశమున ఎంత అరుదో యోచింపుడు. భాషావిషయమున, దానిని పుట్టుకతో మాటాడువాడే గురువు. అతడు కొండమీదివాడైనను, పొలములోనివాడైనను సరియే.

ఇంత చరిత్రనుండి తేలు సారము కొలదియే. ఏ భాషయైనను నాలుగు మెట్లమీద వచ్చును. మొదట చెవి వినవలెను. పిదప నోరు పలుకవలెను. తరువాత నిత్యవ్యవహారమున నున్న వచనమును కన్ను చదువవలెను. ఆ పైన వ్యాకరణము వచ్చి, నేర్చినదానిని చక్కదిద్దవలెను. ఫోర్టు సెంటు జార్జి కళాశాలలో మొదట ఈ మెట్లను తలక్రిందులుగ ఎక్కించిరి; ఫలితము కచేరీలో తెల్లమొగము. బ్రౌను పుస్తకములు, తాతాచారి కథలు ఆ వరుసను సరిచేసినవి. వ్యాకరణము వలదని నా మాట కాదు. కళ్లము లేని గుఱ్ఱము దారి తప్పును. కాని గుఱ్ఱమే లేనివానికి కళ్లమెందుకు?

నేడు మన పిల్లల ఇంగ్లీషు చదువు ఏ రీతిగ నున్నదో చూడుడు. పదేండ్లు చదివి, కాలములు పండ్రెండును గడగడ అప్పజెప్పి, కర్తరి కర్మణి వాక్యములను తారుమారు చేసి మార్కులు తెచ్చుకొనిన బాలుడు, రైలుపెట్టెలో పరదేశి ఒకడు ‘ఈ స్టేషను పేరేమి?’ అని అడిగినచో నీళ్లు నమలుచున్నాడు. రెండువందల యేండ్లక్రిందట కుఱ్ఱదొరకు పట్టిన దుర్గతియే ఇది. పాత్రలు మాత్రము తారుమారైనవి. ఇంగ్లీషు బోధనమును సంస్కరించుటకై 1958లో హైదరాబాదున కేంద్ర ఆంగ్లసంస్థ ఏర్పడినది. అది 1972లో విదేశభాషలను కూడ చేర్చుకొనినది, 2007లో విశ్వవిద్యాలయమైనది. ఫ్రెంచి, జర్మను, రష్యను, అరబ్బీ, జపాను మొదలగు భాషలు అచ్చట నేర్పుచున్నారు. కాని ఆ దీపపు వెలుగు పల్లెబడి గడపవరకు రావలెనన్న, బడిలో పిల్లవాడు ఇంగ్లీషున పది వాక్యములు భయము లేక పలుకు అవకాశము కలుగవలెను. తప్పు పలికినవానిని చూచి నవ్వు తరగతిలో ఏ భాషయు మొలకెత్తదు.

ఇంతకన్న తీవ్రమైన సంగతి వేరొకటి గలదు. తెలుగు నేర్పు పని ఇంకను ముగియలేదు. అమెరికాలో లీ లిస్కరు అను భాషావేత్త మాటాడు తెలుగు నేర్పుటకై 1963లో ఒక పుస్తకము వెలువరించెను. భద్రిరాజు కృష్ణమూర్తిగారును, ఒకప్పుడు ఆంధ్రదేశమున ఐ.సి.ఎస్. అధికారిగనుండిన గ్విన్ దొరయు కలిసి 1985లో ఆధునిక తెలుగు వ్యాకరణమును ఇంగ్లీషున ప్రకటించిరి. పట్టాభిరామశాస్త్రి, కాంబెల్ కాలమున దొర పేరు అట్టమీదను, పండితుని పేరు పీఠికలోను ఉండెను. ఇప్పుడు పండితుని పేరు ముందు నిలిచినది. ఇది సంతోషింపదగినదే. కాని ఇప్పుడు తెలుగును పరభాషవలె నేర్చుకొనువారు పరదేశీయులు మాత్రమే కారు. సిలికానాంధ్రవారు 2007లో అమెరికాయందు మనబడి యను తెలుగుబడిని ఆరంభించిరి. అందు అ ఆలు దిద్దువారు మన మనుమలు, మనుమరాండ్రు! ఏ తెలుగు పండితుడు దొరబిడ్డకు ఓనమాలు దిద్దించెనో, ఆ పండితుని వంశజుడు నేడు ఓనమాలు నేర్వ కూర్చున్నాడు. అమెరికాదాక పోనేల? పట్టణపు బడులలో చదివి సెలవులకు ఊరికి వచ్చిన పిల్లలు నాయనమ్మ చెప్పు మాటలో సగము తెలియక తల్లి మొగము చూచుచున్నారు. నాయనమ్మకును మనుమనికిని నడుమ దుబాసీ కావలసిన కాలము వచ్చినచో, కుంఫిణీవారి పాలనమునాటి స్థితి మన యింటిలోనికి వచ్చినట్లే.

దీనికి గ్రంథాలయము చేయగలది గలదు. ప్రభుత్వపు ఉత్తరువుకై ఎదురుచూడ నక్కరలేదు, ధనవ్యయమును లేదు. వారమునకొక సాయంకాలము పెద్దలొకరు కూర్చుండి తాము విన్న కథ నోట చెప్పవలెను. పిల్లలు తిరిగి చెప్పి, పిదప వ్రాయవలెను. తాతాచారి కథలు పుట్టిన విధమిదియే. మరియొక సాయంకాలము ఇంగ్లీషు తెలిసిన యువకుడొకడు వార్తాపత్రికనో, బ్యాంకు కాగితమునో, రైళ్ల రాకపోకల పట్టికనో ముందుంచుకొని, చదివి, ప్రశ్నలడిగి, పిల్లలచే మాటాడింపవలెను. బ్రౌను రీడరునందలి మర్మమిదియే. నేర్చినవాడు నేర్వనివానికి నేర్పవలెను. ఇది మన వీథిబడి సొత్తు. ఆండ్రూ బెల్ సీమకు కొనిపోయెను. మనము తిరిగి తెచ్చుకొనినచో ఎవరును అడ్డుచెప్పరు. మార్కాపురపు పలక, బలపముల పేరు దేశమంతట తెలియును. పలకలు చేయు సీమలో ఓనమాలు దిద్దువారికి కొరత రారాదు.

మన గ్రంథాలయపు అలమారలలో బ్రౌను నిఘంటువు ఉండనిండు. దానిని తెరచునప్పుడెల్ల ఆ పుటల వెనుకనున్న కోదండరామ పంతులును, అప్పయ్యను, అద్వైతబ్రహ్మయ్యను, పేరు సైతము మిగులని మునిషీలను ఒక్కమారు తలచుకొందము. వారు పరులకు మన భాష నేర్పి, ఆ నెపమున మనకు వచనమును, నిఘంటువును, మన భాషాకుటుంబపు ఎరుకను దక్కించిరి. ఈ ఇరువదియైదేండ్లు గ్రంథాలయమును చెయి విడువక పోషించిన సభ్యులకును, చదువరులకును అభినందనములు. స్వర్ణోత్సవమునాటికి ఈ ఊరి పిల్లలు నాయనమ్మతో చక్కని తెలుగునను, పరదేశితో తడబడని ఇంగ్లీషునను మాటాడుదురుగాక యని సర్వేశ్వరుని ప్రార్థించుచున్నాను.